పొగగొట్టం లెక్కలను చిన్నచూపు చూడకండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పర్యావరణ రంగంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి గత ఆదివారం మీ చదువుల పేజీలో వచ్చిన వ్యాసం రిమోట్ సెన్సింగ్‌ను, అంటే ఉపగ్రహాల వంటివాటితో దూరం నుంచి భూమిని గమనించే విద్యను, ఆకాశానికి ఎత్తింది. పరిశ్రమల ఉద్గారాల నమోదును మాత్రం "మీటర్లకు వైర్లు కలిపే పని" అని ఒక్క వాక్యంలో తీసిపారేసింది. నేను 2014 తరవాత ఐదేళ్లపాటు పటాన్‌చెరు చుట్టుపక్కల కర్మాగారాల చిమ్నీల నుంచి వచ్చే కొలతలకు ప్రోగ్రాములు రాశాను. అప్పటినుంచి ఇప్పటిదాకా ఉపగ్రహ చిత్రాలతో పంటల విస్తీర్ణం లెక్కగట్టే పనిలో ఉన్నాను. అంటే మీ వ్యాసం పొగిడిన రంగమే నాకు ఇప్పుడు అన్నం పెడుతోంది. అయినా ఆ వాక్యం మింగుడుపడలేదు. ఈ ఏడాదే ఇంజినీరింగ్ పూర్తిచేసి, రెండు రంగాల నుంచీ చెరొక ఉద్యోగం చేతికొచ్చిన మా మేనల్లుడు ఆ పేజీని ఫోన్‌లో పంపి, "మామా, నువ్వు రెండూ చేసినవు గదా, ఏది పట్టుమంటవ్?" అని అడిగాడు. వాడికి చెప్పిన జవాబునే కాస్త విస్తరించి మీకు రాస్తున్నాను.

ముందు ఆ "వైర్లు కలిపే పని" సంగతి చెప్పాలి. పాత పద్ధతిలో కాలుష్య నియంత్రణ మండలి సిబ్బంది ఎప్పుడో ఒకసారి వచ్చి, చిమ్నీకి ఉన్న ఇనుప నిచ్చెన ఎక్కి, పక్కనున్న రంధ్రంలోంచి గొట్టం దూర్చి, పొగను ఫిల్టర్ గుండా పీల్చి, ఆ ఫిల్టర్‌ను ప్రయోగశాలలో తూచేవారు. యంత్రాలను సరిచూడటానికి ఇప్పటికీ అదే గీటురాయి. అయితే ఏడాదిలో ఆ రెండు మూడు గంటలు తప్ప మిగతా కాలమంతా చిమ్నీ ఏం వదిలిందో ఎవరికీ తెలిసేది కాదు. 2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, సిమెంటు, థర్మల్ విద్యుత్, బల్క్ డ్రగ్స్, చక్కెర, కాగితం వంటి 17 కోవల పరిశ్రమల్లో నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టించాలని రాష్ట్ర మండళ్లను ఆదేశించడంతో పరిస్థితి మారింది. ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్ల వంటివాటిని చిమ్నీలోనే కొలిచి, ఆ కొలతలను 15 నిమిషాల సగటులుగా మండలి సర్వర్లకు పంపాలి. ఒక చిమ్నీకి, ఒక కాలుష్య కారకానికి రోజుకు 96 అంకెలు, ఏడాదికి 35,040. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది నవ్వొచ్చేంత చిన్న డేటా, ఫోన్‌లో పట్టేస్తుంది. కానీ అందులో ఒక్కొక్క అంకె పరిమితి దాటిందా లేదా అన్నదాని మీద నోటీసులు వస్తాయి, ఒక్కోసారి ఉత్పత్తి ఆగుతుంది.

నా చేతి తప్పు ఒకటి చెబుతాను. ఒక కర్మాగారంలో బాయిలర్ చిమ్నీకి పెట్టిన ధూళి మీటరు ఘనపు మీటరు పొగలో 0 నుంచి 250 మిల్లీగ్రాముల ధూళి దాకా కొలిచేది. ఆ మీటరు తన కొలతను విద్యుత్ ప్రవాహంగా మార్చి తీగ మీద పంపుతుంది. 4 మిల్లీఆంపియర్లు వస్తే ధూళి సున్నా అని, 20 వస్తే 250 అని అర్థం. సున్నా ధూళికి సున్నా ప్రవాహమే పెట్టకుండా 4 దగ్గర ఎందుకు మొదలుపెట్టారో నాకు అప్పట్లో తెలియదు, అడగాలని కూడా తోచలేదు. తెర మీద అప్పుడప్పుడు మైనస్ అంకెలు కనిపిస్తున్నాయని మేనేజరు విసుక్కుంటే, మైనస్ వచ్చినచోటల్లా సున్నా చూపించమని ప్రోగ్రాంలో ఒక్క వరుస రాసి చేతులు దులుపుకున్నాను. కొన్ని నెలల తరవాత ఒక ఎలుక ఆ తీగను కొరికేసింది. ప్రవాహం సున్నాకు పడిపోయింది. లెక్క ప్రకారం తెర మీద మైనస్ 62.5 రావాలి. అలాంటి అసాధ్యమైన అంకె వచ్చిందంటే తీగ తెగిందని పసిగట్టడానికే మునుపటివాళ్లు సున్నాను 4 దగ్గర పెట్టారు. నా ఒక్క వరుస ఆ హెచ్చరికను సున్నాగా మార్చి, నాలుగు రోజులపాటు ఆ చిమ్నీని దేశంలోకెల్లా శుభ్రమైన చిమ్నీగా చూపించింది. పట్టుకున్నది నేనూ కాదు, మండలి సర్వరూ కాదు. బాయిలర్ ఆపరేటర్ ఒకాయన మా గది గుమ్మంలో నిలబడి, "సారూ, గొట్టంలకెల్లి నల్లటి పొగ పోతుంటే మీ కంప్యూటర్ల సున్నా ఎట్లొస్తది?" అన్నాడు.

తీగ సరిగా ఉన్నా అంకె సరిగా ఉందని చెప్పలేం. బాయిలర్‌లోకి అవసరానికి మించి గాలి పంపితే పొగ పలచబడి, ఘనపు మీటరుకు ఉండే ధూళి తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ బయటికి పోయే ధూళి రవ్వంత కూడా తగ్గదు. పాలల్లో నీళ్లు కలిపినట్టే. అందుకని బొగ్గు బాయిలర్లలో కొలతను 6 శాతం ఆక్సిజన్ ఉన్న పొగ లెక్కకు సరిచేస్తారు. మీటరు 120 మిల్లీగ్రాములు చూపిందనీ, పొగలో ఆక్సిజన్ 11 శాతం ఉందనీ అనుకుందాం. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం కనుక, 21లోంచి 6 తీసేస్తే 15, 21లోంచి 11 తీసేస్తే 10. 120ని 15తో గుణించి 10తో భాగిస్తే 180 వస్తుంది. అనుమతించిన పరిమితి 150 అయితే, ఈ సవరణ రాసిన ప్రోగ్రాంలో ఆ కర్మాగారం తప్పు చేసినట్టు, రాయని ప్రోగ్రాంలో నిక్షేపంగా ఉన్నట్టు తేలుతుంది. ఆక్సిజన్ మీటరు పాడైన రోజున ఈ లెక్కను ఏం చేయాలి, పాత విలువతో నడపాలా, ఆ 15 నిమిషాలను చెల్లనివిగా గుర్తించాలా అనేదాన్ని నిర్ణయించేది కూడా ఎక్కడో కూర్చుని ప్రోగ్రాం రాసే పాతికేళ్ల కుర్రాడో, అమ్మాయో. దీన్ని వైర్లు కలిపే పని అనడం అన్యాయం కాదా అని మీ వ్యాసకర్తను వినయంగా అడుగుతున్నాను.

రిమోట్ సెన్సింగ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఈ విద్యకు మన గడ్డ మీద యాభై ఏళ్ల వేరు ఉంది. 1974లో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 2008లో ఇస్రోలో భాగమై, బాలానగర్ కేంద్రంగా, షాద్‌నగర్‌లో ఉపగ్రహాల నుంచి డేటా అందుకునే స్టేషన్‌తో నడుస్తోంది. ఉపగ్రహ పటాలను జనానికి చూపే దాని భువన్ పోర్టల్ 2009 నుంచి ఉంది. ఇస్రో, నాసా కలిసి తయారుచేసిన నిసార్ అనే రాడార్ ఉపగ్రహం 2025 జులై 30న శ్రీహరికోట నుంచే ఎగిరింది. పైగా ఈ రంగంలో చేరాలనుకునే పిల్లలకు తలుపులు తీసే ఉన్నాయి. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఉచితం, ఐరోపా వాళ్ల సెంటినెల్ చిత్రాలూ ఉచితమే. లాప్‌టాప్, నెట్ ఉంటే సిద్దిపేటలోనో, చీరాలలోనో ఇంట్లో కూర్చుని, తమ ఊరి చెరువు పదేళ్లలో ఎంత కుంచించుకుపోయిందో తామే గీసి చూడవచ్చు. చిమ్నీ డేటా అలా కాదు, అది కర్మాగారం గేటు లోపల ఉంటుంది. ఇంట్లో కూర్చుని నేర్చుకుందామంటే కుదరదు. మొదటి రంగానికి ఎగబడేవాళ్లు ఎక్కువ, రెండో రంగంలో మనుషులు దొరకకపోవడం ఎక్కువ అన్నదానికి సగం కారణం ఇదేనని నా అనుమానం.

డేటా పరిమాణం వింటే కళ్లు తిరుగుతాయి. సెంటినెల్-2 ఇచ్చే ఒక్క పలక, అంటే చిత్రపు ముక్క, దాదాపు 110 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉంటుంది. 10 మీటర్ల గడుల లెక్కన ఒక్క రంగు పొరలోనే 12 కోట్ల గడులు. పచ్చని ఆకు ఎర్రటి కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది కనుక, ఆ రెండు పొరల తేడాను బట్టి పంట ఏపుగా ఉందో, ఎండుతోందో గడి గడికీ చెప్పవచ్చు. అంతవరకూ ఏ ఆన్‌లైన్ పాఠంలోనైనా ఉంటుంది. పాఠంలో లేనివి మబ్బులు. వానాకాలం పంట మొత్తం జులై నుంచి సెప్టెంబరు దాకా ముసురు కిందే పెరుగుతుంది, నెలలో ఒక్క తేట చిత్రం దొరికితే అదృష్టం. అప్పుడు మబ్బుల గుండా చూడగల రాడార్ చిత్రాలే దిక్కు. నాట్లు వేసే రోజుల్లో నీళ్లు నిలిచిన మడి రాడార్‌లో నల్లగా కనిపించి, వరి దుబ్బు కట్టేకొద్దీ తెల్లబడుతుంది. ఆ నలుపు తెలుపుల క్రమాన్ని చూసే ఇది వరి అని తేలుస్తాం. ఇందులో గణితం అందమైనది, కాదనను.

అయితే ఇక్కడా తప్పులు తక్కువేమీ కాదు, పైగా అవి గుమ్మంలోకి వచ్చి నిలబడవు. ఈ చిత్రాల కోసం భూగోళాన్ని 6 డిగ్రీల వెడల్పున 60 మండలాలుగా (మన రెవెన్యూ మండలాలు కావు, పటాల లెక్కకు వాడే జోన్లు) కోస్తారు. మండలం మారితే గడుల వరుస కూడా మారుతుంది. 78 డిగ్రీల రేఖాంశం సరిగ్గా సంగారెడ్డికీ సదాశివపేటకూ మధ్యగా పోతుంది. దానికి తూర్పున 44వ మండలం, పడమర 43వది. ఆంధ్రప్రదేశ్ అయితే మూడు మండలాల్లో ఉంది: అనంతపురం 43లో, విజయవాడ, విశాఖ 44లో, ఇచ్ఛాపురం 45లో. ఈ అతుకుల దగ్గర పలకలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ సంగతి పట్టించుకోకుండా నేను ఒక ఏడాది జహీరాబాద్ వైపు చెరకు విస్తీర్ణం లెక్కవేస్తే, అతుకు మీదున్న పొలాలన్నీ రెండుసార్లు లెక్కకొచ్చాయి. ఆ నివేదిక మూడు చేతులు మారింది, ఎవరూ ప్రశ్నించలేదు. మరుసటి ఏడాది అదే ప్రోగ్రాంను ఇంకో పనికి వాడుతూ నేనే యథాలాపంగా గమనించాను. చెరకు రైతు ఎవరూ మా ఆఫీసుకు వచ్చి "నా పొలం రెండు పొలాలెట్లయింది?" అని అడగలేదు, అడగడానికి ఆయనకు అలాంటి లెక్క ఒకటి ఉందని తెలిస్తే కదా. ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి దిగుబడి అంచనాకు ఉపగ్రహ ఆధారిత లెక్కలకు కనీసం 30 శాతం వాటా ఇస్తున్నారు కనుక, ఇలాంటి పొరపాటు ఇకమీద రైతుకు వచ్చే పరిహారాన్నే తాకవచ్చు.

ఈ రెండు చూపులూ ఒకే విషయాన్ని చూస్తాయని, ఉపగ్రహం వచ్చాక చిమ్నీ మీటర్ల అవసరం పోతుందని మీ వ్యాసం సూచించినట్టు నాకు తోచింది. అది పొరపాటు. 2017లో ఎగిరిన సెంటినెల్-5పి అనే ఉపగ్రహం నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, మీథేన్ వంటి వాయువులను అద్భుతంగా గుర్తిస్తుంది. కానీ దాని ఒక్క గడి దాదాపు 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ చాలా మేరకు అందులోనే ఇమిడిపోతుంది, ఏ గేటు వెనక నుంచి వచ్చిందో చెప్పలేదు. అది చూసేది నేల నుంచి పైదాకా ఉన్న మొత్తం గాలి స్తంభాన్ని, మన ముక్కు దగ్గర ఉన్న గాలిని కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అది రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్తుంది. మా ప్రాంతంలో ఎవరినడిగినా కంపు వచ్చేది రాత్రి పదకొండు దాటాకనే అంటారు. పంజాబ్, హర్యానాలలో కూడా మంటలను గుర్తించే ఉపగ్రహం దాటిపోయాక మధ్యాహ్నం తరవాత కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నారన్న చర్చ 2024లో గట్టిగానే సాగింది. రాత్రంతా మేలుకుని ఉండేది చిమ్నీ మీటరే. ఆ కంపులో చాలాభాగం చిమ్నీ నుంచి కాక డ్రమ్ముల నుంచి, కాలువల నుంచి వస్తుందనీ, దాన్ని ఈ మీటరు కూడా పట్టదనీ ఒప్పుకోవాలి.

కర్బన లెక్కల దగ్గర ఇంకో విశేషం ఉంది. ఐరోపా సమాఖ్య 2026 జనవరి 1 నుంచి ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల వంటి దిగుమతుల మీద కర్బన సుంకాన్ని పూర్తిస్థాయిలో మొదలుపెట్టింది. ఉద్గారాలు తగ్గించినందుకు దక్కే కర్బన క్రెడిట్లను కొనే, అమ్మే పథకాన్ని మన దేశం 2023లోనే నోటిఫై చేసింది. అందుకే ఉద్గారాల సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ పెరుగుతోంది. అయితే ఇక్కడ కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా కొలవరు, లెక్కగడతారు. స్వచ్ఛమైన సున్నపురాయి ఒక టన్ను పూర్తిగా కాలితే 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది. ఎర్రగుంట్లలోనైనా, తాండూరులోనైనా రసాయనశాస్త్రం మారదు. కనుక సిమెంటు కర్మాగారం కర్బన లెక్క ఎంతవరకు నిజమో తేల్చేది ఆకాశం నుంచి తీసిన చిత్రం కాదు, లారీల వేబ్రిడ్జి చీటీ, బొగ్గు నాణ్యత పరీక్ష కాగితం. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒకదానితో ఒకటి సరిపోలుతున్నాయో లేదో చూసే ప్రోగ్రాం రాయడం ఎవరికీ మోజు లేని పని. మా మేనల్లుడికి ఇది చెబితే ఆవులించాడు.

నేను రంగం మారడానికి అసలు కారణం కూడా దాచకూడదు. చిమ్నీ దగ్గర మనకు జీతమిచ్చేది, మనం ఎవరి పొగను కొలుస్తున్నామో ఆ యజమానే. "ఈ గంట అంకెలు కాస్త సర్దితే ఏం పోతుంది" అని నేరుగా ఎవరూ అడగరు. "కాలిబ్రేషన్ జరుగుతోందని గుర్తు పెట్టండి" అంటారు, అంటే మీటరును సరిచూస్తున్నట్టు చూపమని, ఎందుకంటే ఆ గుర్తున్న నిమిషాలు పరిమితి లెక్కలోకి రావు. మురుగునీటిని కొలిచే ప్రోబ్‌ను మంచినీళ్ల బకెట్లో ముంచిన కథలు ఈ వృత్తిలో అందరూ విన్నవే. నా పైవాళ్లు ఒకసారి అలా అడిగారు, నేను ఒప్పుకోలేదు, ఆరు నెలల్లో ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చింది. ఈ సంగతి చిన్నది కాదని పిల్లలకు ముందే చెప్పాలి. 2015లో బయటపడ్డ జర్మన్ కార్ల సంస్థ ఫోక్స్‌వాగన్ వ్యవహారంలో, పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే కారు శుభ్రమైన పొగ వదిలేలా చేసినది సాఫ్ట్‌వేరే. అలాంటి కార్లు ప్రపంచమంతటా దాదాపు కోటీ పది లక్షలు. దాన్ని తీగ లాగింది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు, కొలిచే యంత్రాన్ని కారులోనే పెట్టుకుని రోడ్డు మీద తిరిగి. ఆ సంస్థ ఇంజినీరు ఒకాయనకు అమెరికా కోర్టు 2017లో 40 నెలల జైలు శిక్ష వేసింది. "పైవాళ్లు చెప్పారు" అన్నది ఆయన్ను కాపాడలేదు.

అయినా సరే, మా మేనల్లుడికి నా సలహా మొదటి మూడేళ్లు చిమ్నీ దగ్గరే గడపమని. కారణం ఆదర్శం కాదు. అక్కడ ప్రోగ్రాంలో రాసిన వరుసకూ, బయట జరిగే పనికీ మధ్య దూరం వంద అడుగులే. తప్పు రాస్తే మెట్లెక్కి చూసి తెలుసుకోవచ్చు. సెన్సార్ ఎలా అబద్ధమాడుతుందో, గడియారం ఎలా వెనకబడుతుందో, నెట్ పోయిన మూడు గంటల డేటా తరవాత ఒక్కసారిగా వచ్చిపడితే ఏం చేయాలో అక్కడ వచ్చినంత బాగా ఇంకెక్కడా రాదు. ఆ పని వచ్చినవాడు తరవాత ఉపగ్రహ చిత్రాల్లోకి వెళ్తే, అందంగా రంగులు వేసిన పటాన్ని చూసి మోసపోడు. అలా చిమ్నీల నుంచి ఉపగ్రహాల వైపు వెళ్లినవాళ్లు తక్కువ. బొమ్మలన్నా, గణితమన్నా ప్రాణం పెట్టే పిల్లలుంటారు, వాళ్లను చిమ్నీ దగ్గర కట్టేయమని అనను. వాళ్లు నేరుగా అటే వెళ్లాలి, కాకపోతే నెలకొకసారైనా పొలం గట్టు తొక్కాలి.

సూరత్‌లో 2019 నుంచి జరిగిన ప్రయోగం గురించి మీ వ్యాసంలో ఒక్క మాటైనా ఉండాల్సింది. అక్కడ 300కు పైగా కర్మాగారాల్లో ధూళి మీటర్లు పెట్టి, మొత్తం ధూళికి ఒక పరిమితి విధించి, అందులో తమ వాటాలను పరిశ్రమలు కొనుక్కునే, అమ్ముకునే అంగడి నడిపారు. దాని మీద అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు ఆ అంగడిలో చేరిన కర్మాగారాల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గిందని తేల్చారు. ప్రపంచంలో ధూళికి అలాంటి అంగడి అదే మొదటిదంటారు. దాని కింద పునాది మీరు వైర్లు కలిపే పని అన్న పనే. మీటరు అంకెను ఎవరూ నమ్మకపోతే వాటాలు కొనేవాడుండడు.

మీ పత్రికకు నా విన్నపం రెండు ముక్కల్లో. ఆ వాక్యాన్ని సరిదిద్దుతూ, ఉద్గారాల నమోదులో పనిచేస్తున్న ఇంజినీర్లతో మాట్లాడి ఇంకో వ్యాసం వేయండి. అలాగే మన రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లను, తమకు చేరుతున్న 15 నిమిషాల సగటులను, ఏ అంకె చెల్లనిదో చెప్పే గుర్తులతో సహా, ఎవరైనా దించుకునే రూపంలో బయట పెట్టమని అడగండి. అప్పుడు చీరాలలో ఇంట్లో కూర్చున్న అమ్మాయికి చెరువు బొమ్మలతోపాటు చిమ్నీ అంకెలు కూడా నేర్చుకునే సరుకవుతాయి. నాలుగు రోజులపాటు వరుసగా సున్నాలు వచ్చిన చోట ఎలుక ఉందేమోనని అడిగే కళ్లు కూడా పెరుగుతాయి.

మా మేనల్లుడు ఇంకా తేల్చుకోలేదు. వచ్చే శనివారం వాణ్ణి పొద్దున, నాకు ఆ సున్నా గురించి చెప్పిన ఆపరేటర్ ఇప్పుడు పనిచేస్తున్న బాయిలర్ దగ్గరికి, ఎండ తగ్గాక సదాశివపేట అవతల నేను రెండుసార్లు లెక్కపెట్టిన చెరకు పొలాల దగ్గరికి తీసుకెళ్తున్నాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్,
సంగారెడ్డి